ఒకే పేరుతో రెండు వరుసలు

మా ఆడపడుచుకి నేను మనసులో పెట్టుకున్న పేరు కందిరీగ. పైకి ఎప్పుడూ అనలేదు గానీ ఆ సంగతి తనకి తెలుసనే నా అనుమానం. ఇంట్లో అడుగుపెట్టి చెప్పులు విప్పేలోగానే ఎవరికో ఒకరికి పని పురమాయించే మనిషి. ఆ రోజు కూడా సంచి బల్ల మీద పడేసి, మంచం మీద గోడకి ఆనుకుని కూర్చున్న వాళ్ళన్నయ్యని ఒకసారి చూసి, నా వైపు తిరిగింది.

"మంచాన పడ్డవాళ్ళని చూసుకునే హోమ్‌లో మాట్లాడాను వదినా. మంచం ఒకటి ఖాళీ అవుతోంది. నెలాఖరులోగా చేర్చకపోతే వేరేవాళ్ళకి ఇచ్చేస్తారట" అంది.

ఆయన ఎదురుగానే అంది. అప్పట్లో మేం అన్నీ ఆయన ఎదురుగానే మాట్లాడుకునేవాళ్ళం. ఆయన కిటికీలోంచి ఎదురింటి డాబా మీద ఆరేసిన దుప్పట్లని చూస్తున్నారు.

పక్షవాతం ఆయన కుడిచేతినీ, కుడికాలినీ, మాటనీ ఒక్క ఉదయంలో ఎత్తుకుపోయింది. ఎడంచెయ్యి మిగిలింది. మాట పోయినచోట "ఊ" అన్న మూలుగొకటి మిగిలింది. లోపల మనిషి మిగిలారా లేదా అన్నదే ఎవరూ తేల్చలేదు. "వినపడుతోందమ్మా. అర్థమవుతోందా అంటే నేను చెప్పలేను. ఎక్కువ ఆశ పెట్టుకోకండి" అని డాక్టరు నీళ్ళు నమిలాడు. నేను బడిపిల్లల యూనిఫారాలు కుట్టే చోట గుడ్డ కత్తిరించే పని చేస్తాను. పగలంతా ఆయన దగ్గర పక్కింటి పిన్నిగారు కూర్చునేది. ఆవిడ కూతురి పురిటికి వెళ్ళిపోతోంది. ఇక ఆయన్ని ఎవరు చూస్తారన్నది కందిరీగ ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. అందుకే ఒళ్ళు మండింది.

"ఆయనకి అన్నీ తెలుస్తున్నాయి. తెలిసిన మనిషిని తీసుకెళ్ళి అక్కడ పడేస్తానా?" అన్నాను.

"తెలుస్తున్నాయని నీకెలా తెలుసు? మొన్న నేనెవరో తెలుసా అంటే గోడ వంక చూశాడు. పుట్టినప్పటినుంచీ నన్ను ఎత్తుకు తిప్పిన అన్నయ్య." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నిన్ను నువ్వు మోసం చేసుకోకు వదినా."

"తెలుస్తోందని చూపిస్తే?"

"చూపించు. అప్పుడు ఆ మంచం వద్దని నేనే ఫోన్ చేస్తాను. నిన్ను పని మాన్పించకుండా ఏదో ఒక దారి కూడా నేనే చూస్తాను."

మాట అయితే అనేశాను. ఏం చూపించాలో నాకే తెలియదు. పాత ఫొటోలు చూపించాను, పాటలు పెట్టాను, ఆయనకి గిట్టని మా పెద్దన్నయ్యని పిలిపించి కూర్చోబెట్టాను. ఆయన ఆ దుప్పట్ల మీదనుంచి చూపు తిప్పలేదు. చివరికి మిగిలింది ఆయన కట్టడాలే.

ఆయన్ని వాళ్ళ ఆఫీసులో టేపు మాస్టారు అనేవారు. ప్రాచీన రోమన్లు కట్టిన నాటకశాలలు, గుండ్రటి క్రీడాంగణాలు, స్నానశాలలు ఏ దేశంలో ఏది మిగిలితే అక్కడికి వెళ్ళి, చేతిలో టేపుతో మెట్టు మెట్టూ కొలిచి రావడం ఆయన ఉద్యోగం. పెళ్ళయిన కొత్తలో నన్నూ తీసుకెళ్ళారు. ఎండలో టేపు రెండో కొస పట్టుకుని నిలబడటమే నేను చూసిన విహారయాత్ర. కొలిచినవన్నీ కంప్యూటర్లో ఒక పెద్ద పట్టికగా ఎక్కించారు. ఒక్కో వరుసకి ఒక్కో కట్టడం: పేరు, ఊరు, భూమ్మీద ఎక్కడుందో చెప్పే రెండు అంకెలు, కట్టిన సంవత్సరం, పొడుగు, వెడల్పు, ఎంతమంది కూర్చోవచ్చు. ఆ అంకెలన్నిటినీ ఒకే పటం మీద చుక్కలుగా చూడాలని ఆయన కోరిక. దానికి కొత్త సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి. "రిటైరయ్యాక తీరిగ్గా" అంటూనే గడిపేశారు.

ఆ పటం గీసి ఆయన ముందు పెడితే, లోపల మనిషంటూ ఉంటే, కదలకుండా ఉండలేరు. నాకు తోచింది అంతే.

కందిరీగ సిటీ బస్సుల ఆఫీసులో సరిగ్గా ఇలాంటి పనే చేస్తుంది. ఏ రూటులో ఎంతమంది ఎక్కుతున్నారో రంగురంగుల పటాలు వేస్తుంది. అడిగితే తల అడ్డంగా తిప్పింది.

"నేను వేస్తే గంటలో అయిపోతుంది. కానీ వెయ్యను. అన్నయ్య చూసి గోడ వైపు తిరిగితే, నేను సరిగ్గా వెయ్యలేదంటావు. నేర్పమంటే నేర్పుతాను. నువ్వే వేసుకో."

రెండు రోజుల్లో విసుగెత్తి నేనే హోమ్‌కి ఒప్పుకుంటానని దాని లెక్క. నా మొండితనం దానికింకా పూర్తిగా తెలియదు.

నేర్చుకోవడం అంటారు గానీ, అది నన్ను నేను తిట్టుకోవడమే. మొదటిసారి పటం మీదకి చుక్కలు వదిలితే అన్నీ వెళ్ళి నడిసముద్రంలో పడ్డాయి. అక్షాంశం, రేఖాంశం ఏ గడుల్లో ఉన్నాయో చెప్పడం మరిచాను, రెండూ సున్నా అనుకుందట. కందిరీగ నోరు నొక్కుకుని, "నాటకాలు చేపలకి వేశారా వదినా?" అంది. అది సరిచేశాక సంవత్సరాలు ఎదురు తిరిగాయి. క్రీస్తుకి ముందు కట్టినవాటి సంవత్సరానికి ఎడంపక్కన చిన్న గీత పెట్టాలట. అది పెట్టకపోతే పాతవి కొత్తవాటి తర్వాత వచ్చి కూర్చున్నాయి. కూర్చునే జనాన్ని బట్టి చుక్క సైజు పెరగమంటే ఒక్క క్రీడాంగణమే ఉబ్బి దేశాన్ని మింగేసింది. పొద్దున్న గుడ్డ కత్తిరించి, సాయంత్రం ఆ తెర ముందు కూర్చుంటే కళ్ళు బైర్లు కమ్మేవి. ఒక్కోసారి మౌస్ వదిలేసి ఏడ్చేదాన్ని. పక్కన ఆయన దుప్పట్లని చూస్తూ ఉండేవారు. "ఒక్క మాట సాయం చెయ్యలేరా మీరు?" అని అరిచేదాన్ని. చెయ్యలేరని తెలిసే అరిచేదాన్ని.

అయినా గుడ్డ కొలతలు తెలిసిన చెయ్యి కదా, మెల్లగా పట్టు చిక్కింది. నాటకశాలలకి నీలం, క్రీడాంగణాలకి ఎరుపు, స్నానశాలలకి ఆకుపచ్చ వేశాను. చుక్క మీద నొక్కితే చిన్న పెట్టెలో పేరూ సంవత్సరమూ వచ్చేలా చేశాను.

అప్పుడొకటి గమనించాను. ఒకే పేరు, ఒకే ఊరు రెండేసి వరుసల్లో ఉన్నాయి. ఒకటీ అరా కాదు, చాలా ఉన్నాయి. నాకు నవ్వొచ్చింది. మా ఆయన సబ్బు కొనుక్కొచ్చి, ఆ సంగతి మరిచిపోయి, మర్నాడు మళ్ళీ సబ్బు కొనుక్కొచ్చే మనిషి. మా అల్మారాలో గొడుగులు ఐదుంటాయి. ఎక్కించిందే మళ్ళీ ఎక్కించారు, సంవత్సరం కూడా ఒకసారి ఒకటి, ఇంకోసారి ఒకటి వేశారనుకున్నాను. ఎవర్నీ అడగలేదు. ఆయన వెనక ఇల్లు సర్దడం నాకు కొత్తేమీ కాదు. ఒకే పేరు రెండోసారి వస్తే తీసెయ్యమని ఒక్క నొక్కు నొక్కాను. పట్టిక శుభ్రమైంది. ఎంతో ముచ్చటేసింది.

నెలాఖరు దగ్గరపడ్డ ఆదివారం కందిరీగని పిలిచి, దాని ఎదురుగానే పటం తెరిచిన లాప్‌టాప్ ఆయన ఒళ్ళో పెట్టాను.

ఆయన చూశారు. నిజంగా చూశారు. చూపు కిటికీ వదిలి తెర మీదకి వచ్చింది. ఎడంచేతి వేలు లేచి సముద్రం ఒడ్డున ఉన్న ఒక నీలం చుక్క మీద ఆగింది. మా కొత్త కాపురపు రోజుల్లో నేను టేపు పట్టుకున్న నాటకశాల అది. గబగబా నొక్కాను. పెట్టె తెరుచుకుంది. పేరు, సంవత్సరం.

ఆయన మొహం మారిపోయింది. "ఊ" అన్నారు. మళ్ళీ గట్టిగా "ఊ, ఊ" అన్నారు. పక్కన చిన్నబల్ల మీదున్న మందు సీసాని పడగొట్టారు. దాన్ని పట్టుకుని నిలబెట్టారు. మళ్ళీ పడగొట్టారు. మళ్ళీ నిలబెట్టారు. మూత ఊడి మందంతా దుప్పటి మీద పోయింది. నేను తుడుస్తుంటే ఆయన ఇంకా పడగొడుతూ, నిలబెడుతూనే ఉన్నారు.

కందిరీగ కళ్ళొత్తుకుంది. "చిన్నప్పుడు నేనిలాగే ఆడుకునేదాన్ని. అన్నయ్య కూర్చుని ఏరేవాడు" అంది. తర్వాత చాలా మెల్లగా, "ఇంక చాలు వదినా. రేపు పొద్దున్న బండి తీసుకొస్తాను" అంది.

నేను నేర్చుకున్నదంతా, ఆ తిట్లూ ఏడుపులూ అన్నీ, మా ఆయన లోపల ఎవరూ లేరని కందిరీగకి చూపించడానికే పనికొచ్చాయి.

ఆ సాయంత్రం కూడా ఆయన ఊరుకోలేదు. నీళ్ళగ్లాసు పడగొట్టారు, నిలబెట్టారు. కళ్ళజోడు డబ్బా పడగొట్టారు, నిలబెట్టారు. ప్రతిసారీ నా మొహంలోకి చూశారు. నాకు విసుగు నెత్తికెక్కింది. "చాలించండి" అని ఆయన చేతి మీద ఒక్కటి వేశాను. ఆయన చెయ్యి ఒళ్ళోకి లాక్కున్నారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మేం పోట్లాడుకున్న మాటలు ఊరు మొత్తం విని ఉంటుంది గానీ, చెయ్యి చేసుకోవడం అదే మొదలు. వంటింట్లోకి వెళ్ళి సింకు పట్టుకుని నిలబడ్డాను. కుళాయి తిప్పి ఆ చప్పుడులో ఏడ్చాను.

పొద్దున్నే సీసాలన్నీ ఆయనకి అందకుండా అల్మారాలో పెట్టేశాను. ఖాళీ మందు డబ్బాలు మాత్రం బల్ల మీద ఉండిపోయాయి. మాత్రలు అయిపోయిన ఆ అట్టడబ్బాలు పారెయ్యడానికి నాకు తీరికెక్కడిది? బట్టలసంచి ఆయన కాళ్ళ దగ్గర, మంచం కొసన పెట్టి సర్దుతున్నాను. చొక్కాలు, తువ్వాళ్ళు, దువ్వెన. ఏ చొక్కాకి గుండీ ఊడిందో చూస్తూ, నేను లేకపోతే అక్కడ ఎవరు కుడతారని ఆలోచిస్తూ, తల తిప్పేసరికి ఆయన ఆ డబ్బాలు పేరుస్తున్నారు.

వరసగా కాదు, వంపుగా. ఒకదాని పక్కన ఒకటి నిలబెట్టి, సగం గుండ్రంగా. వెనక పెద్ద డబ్బాలు, ముందు చిన్నవి. ఎడంచేత్తో, వణుకుతూ, ఒక్కోటి ఎంతో జాగ్రత్తగా పెట్టారు. అయ్యాక నా వైపు చూశారు. అరచేత్తో ఒక్క తోపు తోశారు. అన్నీ కూలాయి. తర్వాత అవే డబ్బాలు ఏరి, అదే చోట, అదే వంపులో, మళ్ళీ పేర్చడం మొదలుపెట్టారు.

చేతిలో చొక్కా అలాగే ఉండిపోయింది. వారాలుగా నేను చూస్తున్న ఆకారం అది. నాటకశాల. చూడటమేమిటి, అలాంటి దాని మెట్ల మీద కూర్చుని అలిగాను కూడా. ఆ రోజు ఎండలో ఆయన చెప్పిన ముక్కలు ఇన్నేళ్ళ తర్వాత చెవిలో పడ్డాయి. "భూకంపానికి ఇదంతా కూలిపోయిందోయ్. వాళ్ళు వదిలెయ్యలేదు. అవే రాళ్ళు ఏరి అదే చోట మళ్ళీ కట్టుకున్నారు. నేను కొలిచేది ఒక్క నాటకశాల కాదు, రెండు." నాకు ఆకలేస్తోందని అప్పుడు నేను మొహం ముడుచుకున్నాను.

ఒకే పేరు, ఒకే ఊరు, వేరే సంవత్సరం. ఆయన మతిమరుపు కాదది. నేను ఒక్క నొక్కుతో తీసి పారేసినవన్నీ మళ్ళీ కట్టినవి. ఆయన ఉద్యోగమంతా వాటికోసమే. నిన్నటినుంచీ ఆ మనిషి సీసాతో, గ్లాసుతో, కళ్ళజోడు డబ్బాతో అదే చెప్తున్నారు. నేను కొట్టాను.

పరుగెత్తుకెళ్ళి కంప్యూటర్ తెరిచాను. ఆయన అసలు పట్టిక పెన్‌డ్రైవ్‌లో ఉంది, దాన్ని ముట్టుకోలేదు, ఆ ఒక్క పుణ్యం చేసుకున్నాను. దాన్నే మళ్ళీ పటంలోకి ఎక్కించాను. ఒక పేరు రెండోసారి వస్తే చుక్క చుట్టూ వలయం పడాలని రాశాను. ఒప్పుకోలేదు. ఎక్కడో ఒక కామా మరిచాను. తొందరలో అక్షరాలు తప్పులు పడుతున్నాయి. వీధిలో బండి ఆగిన చప్పుడైంది. మళ్ళీ రాశాను. గుండ్రటి గుర్తొకటి తిరుగుతూ కూర్చుంది. "తొందరగా, నీకు దణ్ణం పెడతాను" అని కంప్యూటర్‌ని బతిమాలుతుంటే కందిరీగ లోపలికి వచ్చింది.

"వదినా, బండివాడు ఎక్కువసేపు ఆగడు."

"ఆగకపోతే పొమ్మను. నువ్వు కూర్చో."

నా మొహం చూసి ఏమనుకుందో, కూర్చుంది. పటం వచ్చింది. నిన్నటి చుక్కల్లో చాలావాటి చుట్టూ వలయాలు పడ్డాయి. తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టాను. డబ్బాల పేర్పు మధ్యలో ఆపి ఆయన తెర వైపు వంగారు.

వేలు సముద్రపు ఒడ్డు నాటకశాల దగ్గరికే వెళ్ళింది. వలయం మీద ఆగింది. నొక్కాను. ఈసారి పెట్టెలో రెండు సంవత్సరాలు వచ్చాయి. ఆయన వెనక్కి వాలి ఊపిరి వదిలారు. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోలేదు.

"ఏడిస్తే తెలిసినట్టేనా వదినా?" అంది కందిరీగ. మాట కటువుగా ఉంది గానీ గొంతు అలా లేదు. నమ్మాలని దానికీ ఉంది, నమ్మి మళ్ళీ దెబ్బ తినాలని లేదు.

ఆయన వేలు ఇంకా కదులుతూనే ఉంది. ఒక్కో వలయం దగ్గరా ఆగి, ముందుకి పోతోంది. కొండల పక్కనున్న ఒక ఆకుపచ్చ చుక్క దగ్గర ఠక్కున ఆగింది. స్నానశాల. దాని చుట్టూ కూడా వలయం ఉంది. ఆయన మొహం చిట్లించారు. "ఊఁహు" అన్నారు. నేను మౌస్ కదిలించబోతే నా చెయ్యి తోసేసి, బొటనవేలుతో ఆ వలయాన్ని కప్పేశారు. తీస్తే మళ్ళీ కప్పారు. నా వైపు గుర్రుగా చూశారు. పప్పులో రెండుసార్లు ఉప్పేసిన రోజున చూసే చూపు. ఆ చూపు చూసి ఎన్ని నెలలైందో.

"ఏంటంటున్నాడు?" అంది కందిరీగ.

"అది మళ్ళీ కట్టలేదంటున్నారు."

"పట్టికలో రెండు వరుసలుంటేనేగా వలయం వచ్చింది. ఇటివ్వు." కంప్యూటర్ లాక్కుని పట్టిక తెరిచి వెతికింది. తెర మీద వేలు పెట్టి ఒక్కో అంకే పోల్చి చూసింది. ఆ స్నానశాల పేరు రెండుసార్లు ఉంది. సంవత్సరం ఒకటే. పొడుగు, వెడల్పు, ఏ అంకే మారలేదు. అన్ని వరుసల్లోకీ ఆ ఒక్కటే ఆయన నిజంగా మరిచిపోయి రెండుసార్లు ఎక్కించింది.

"అల్మారాలో ఆరో గొడుగు" అన్నాను. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆయన మూతి ఎడంవైపు ఒక్కటే సాగింది. సిగ్గుపడ్డారు. నాతో పోట్లాడి, తప్పు తనదేనని తేలి, సిగ్గుపడ్డారు.

కందిరీగ నేల మీద చతికిలపడింది. ఫోన్ తీసి హోమ్‌వాళ్ళకి మంచం వద్దని చెప్పింది. బండివాణ్ణి పంపించేసింది. తర్వాత వాళ్ళన్నయ్య మొహంలోకి చూసింది.

"వదినా" అంది. "అయితే అన్నయ్య అంతా విన్నాడు."

నాకు వెంటనే తట్టలేదు. తర్వాత తట్టింది. మంచం ఖాళీ అవుతోందన్న మాట, గోడ వంక చూశాడన్న మాట, ఎవరు చూస్తారన్న వాదన, మా పెద్దన్నయ్య "ఇలా బతికేకంటే" అని సగంలో మింగిన మాట, నా అరుపులు, అన్నీ. ఆ గదిలో బీరువా ముందు మాట్లాడినట్టు మాట్లాడాం. ఆయన దుప్పట్లని చూస్తూ అన్నీ విన్నారు. నేను మంచం పక్కన కూర్చుని, కొట్టిన చేతిని నా రెండు చేతుల్లోకి తీసుకున్నాను.

ఆయన మెల్లగా చెయ్యి విడిపించుకున్నారు. ముందుకి వంగి, కాళ్ళ దగ్గర నేను సర్దిపెట్టిన బట్టలసంచిని ఒక్క తోపు తోశారు. సంచి మంచం దిగి బోర్లా పడింది. చొక్కాలు, తువ్వాళ్ళు గచ్చంతా పరుచుకున్నాయి.

దాన్ని మాత్రం మళ్ళీ నిలబెట్టలేదు.